స్థాపకురాలు లేని సమాజం

యలహంక ఉపనగరం,
12 ఫిబ్రవరి 2001.

గౌరవనీయులు శ్రీమతి భాగీరథమ్మ గారికి,

నమస్కారాలు. నా పేరు శైలజ. యలహంక పట్టభద్ర మహిళా సమాజం వారి చరిత్ర ఉపసంఘానికి కన్వీనరును. ఉపసంఘంలో నేను తప్ప ఇంకెవరూ లేరు కాబట్టి సభ్యురాలిని కూడా నేనే.

మన సమాజానికి ఈ ఆగస్టుకు పదేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా ఒక ప్రత్యేక సంచిక వేస్తున్నాం. పూర్వాధ్యక్షురాళ్ల రంగుల ఫోటోలు, వారి భర్తల హోదాలు, వంటల పేజీ, ముగ్గుల పేజీ పోగా మిగిలిన చోట సమాజ చరిత్ర ఉంటుంది. అది రాసే బాధ్యత నాకు అప్పగించారు. "నువ్వు బీకాం కదా శైలజా, సంవత్సరాలు తప్పు పోవు" అన్నారు అధ్యక్షురాలు నళిని గారు. పాత సభ్యులందరూ ఆ పని మాకొద్దు బాబోయ్ అని తప్పుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

మొదటి రోజుల సంగతి అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు. మీ పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. మా ఇంటి ఓనరు భార్య చిక్కమ్మ చెప్పింది. "ఆ టీచరమ్మ ఇంటి వసారాలోనే కదప్పా మొదలయింది. గురువారమొస్తే ఆడోళ్లంతా కూచోని పేపరు చదువుకుంటా కొట్లాడుకుంటా ఉండిరి" అంది. మీరు ఇప్పుడు చింతామణిలో తమ్ముడుగారి ఇంట్లో ఉంటున్నారని, ఆయన పట్టుగూళ్ల వ్యాపారి అని కూడా ఆమే చెప్పింది.

దయచేసి ఈ వివరాలు తెలియజేయగలరు. సమాజాన్ని ఎవరి చేతుల మీదుగా ప్రారంభించారు? జ్యోతి వెలిగించినవారు ఎవరు? ముఖ్య అతిథి ఎవరు? ప్రార్థనా గీతం పాడినవారు ఎవరు? అప్పట్లో మీరు ఏ పదవిలో ఉన్నారు? మీ వారి హోదా ఏమిటి?

ఇట్లు,
శైలజా మునీంద్ర, బీకాం.


చింతామణి,
1 మార్చి 2001.

చిరంజీవి శైలజకు,

భాగీరథమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం చేరింది. కవరు మీద ఫోన్ నంబరు రాశావు గాని, ఫోన్లో నాకు సగం వినపడదు, వినపడిన సగం అర్థం కాదు. ఉత్తరమే బాగు.

నేను శ్రీమతిని కాను. పెళ్లి చేసుకోలేదు. కాబట్టి మా వారి హోదా దగ్గర ఖాళీ వదిలేయి.

జ్యోతి వెలిగించలేదు. ముఖ్య అతిథి అంటే మా ఎదురింటివాళ్ల మేక. గేటు తీసి ఉంటే లోపలికొచ్చి ఆ రోజు పేపరు సగం తినేసింది. ప్రార్థన కూడా అదే పాడింది. మిగిలిన సగం పేపరు మేం చదువుకున్నాం. అందులో వధూవరుల ప్రకటనలు, బస్సుల వేళలు తప్ప ఏమీ మిగల్లేదు. అయినా చీకటి పడేదాకా వాదించుకున్నాం.

నేను యలహంకలో ప్రైమరీ స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఉపనగరంలో కొత్త ఇళ్లు లేస్తున్న కాలం అది. ఏ ఇంటి తలుపు తట్టినా లోపల ఒక బీయస్సీయో బీఏనో ఉండేది. "ఏం చేస్తావుండావమ్మా?" అంటే "ఏమీ లేదు టీచరమ్మా, ఇంట్లోనే ఉండాను" అనేది. అంతంత చదువు చదివి, దాన్ని అటక మీద ఎక్కడ పెట్టారో వాళ్లకే గుర్తులేదు. అందుకని నలుగురిని మా వసారాలోకి పిలిచాను. గురువారం గురువారం ఒకరు తాము కాలేజీలో చదువుకున్నది మిగతావాళ్లకు చెప్పాలి. తర్వాత పేపరు. అంతే.

దాక్షాయణి బాటనీ. మమ్మల్ని చెరువు గట్టుకు తీసుకుపోయి, మేం గడ్డి అని తొక్కుకుంటూ పోయేవాటన్నిటికీ పేర్లు చెప్పింది. కళ్యాణి ఫిజిక్స్. ప్రెజర్ కుక్కర్ ఎదురుగా పెట్టుకుని అది ఎందుకు కూస్తుందో చెప్పింది. ఆమె చెప్పడం ముగిసేసరికి పప్పు మాడిపోయింది గాని, ఎందుకు మాడిందో మాకందరికీ బాగా అర్థమైంది. నళిని రెండో ఏడు వచ్చి చేరింది.

ఇప్పుడు గురువారాలు ఏం చదువుతున్నారు? అది రాయి.

భాగీరథమ్మ


యలహంక,
9 ఏప్రిల్ 2001.

భాగీరథమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చిక్కమ్మకు చదివి వినిపించాను. ఆ మేక వాళ్లదేనట. ఇప్పుడు లేదు పాపం.

గురువారాలు ఇప్పుడు రెండో శనివారాలయ్యాయి. మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. జనవరిలో క్యారెట్‌తో హంసలు చెక్కడం నేర్పారు. ఫిబ్రవరిలో ఆదర్శ గృహిణి పోటీ. భర్త చొక్కా కొలత, బూటు కొలత, బీపీ టకటకా చెప్పినవారికి బహుమతి. మా ఆయన బూటు కొలత నాకు తెలియలేదు. మార్చిలో "ఒత్తిడి లేని జీవితం" మీద ఉపన్యాసం. వక్తగారు ఆలస్యంగా వచ్చారు, మైకు పనిచేయలేదు, వడలు చల్లారిపోయాయి, అందరికీ ఒత్తిడి ఎక్కువైంది. పుస్తకాల బీరువా ఒకటి ఉంది. దాని తాళంచెవి పాత కోశాధికారి దగ్గర ఉంది, ఆవిడ మైసూరుకు వెళ్లిపోయారు. కుర్చీలు భర్తల హోదాల వరసలో వేస్తారు. ఒకసారి సమావేశం నడుస్తుండగానే ఒకావిడ భర్తకు ప్రమోషన్ వచ్చినట్టు కబురొచ్చింది. ఆవిడను రెండో వరస నుంచి మొదటి వరసకు మార్చేదాకా కార్యదర్శి నివేదిక ఆపారు.

అసలు సంగతి ఇది కాదు. మీరు చెప్పినట్టే చరిత్ర రాసి మొన్న కార్యవర్గంలో చదివాను.  వసారా దాకా వచ్చేసరికి కళ్యాణి గారు ఆపమని చెయ్యెత్తారు.

"వసారా ఆమెది. ఐడియా నాది."

"ఐడియా ఎవరిదైతేనేమప్పా," అన్నారు దాక్షాయణి గారు, "చెరువు కాడికి నడిపించింది నేను. ఆ పొద్దే సమాజం పుట్టింది."

నళిని గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "రిజిస్టర్ చేయించింది నేను. దానికి ముందు ఉండేది సమాజం కాదు, పేరంటం. టీచరమ్మ మంచిమనిషే, కాదనేదెవరు? కానీ ఆమె గ్రాడ్యుయేటే కాదు కదా శైలజా. పట్టభద్రుల సమాజాన్ని పట్టభద్రురాలు కానామె పెట్టిందని రాస్తే చదివినోళ్లు నవ్వరా?"

 అది నిజమేనా? అడగకూడదని తెలుసు. చరిత్ర ఉపసంఘం అడగమంటోంది, శైలజకు సిగ్గుగా ఉంది.

నా గురించి మీరు అడగలేదు. అయినా రాస్తున్నాను. మాది హిందూపురం. బీకాం ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. మా ఆయన మునీంద్ర పనిచేసేది బ్యాంకులో, నళిని గారి భర్త కింద. ఉద్యోగానికి పోతానంటే "ఇప్పుడెందుకు?" అన్నారు. క్లబ్బుకు పోతానంటే ఆయనే స్కూటర్ మీద దింపి వెళ్లారు.

శైలజ


చింతామణి,
27 ఏప్రిల్ 2001.

చిరంజీవి శైలజకు,

నిజమే. నాకు డిగ్రీ లేదు.

ఎస్సెస్సెల్సీలో స్కూలుకంతా మొదట వచ్చాను. కాలేజీకి కోలారు పోతానని ఏడ్చాను. మా నాయన తాలూకా ఆఫీసు గుమాస్తా. "ఆడబిడ్డ టీచరైతే చాలదా? ఇంకా ఏమి కావల్ల?" అని ట్రైనింగులో చేర్పించాడు. ఆ తర్వాత నా జీతంతో తమ్ముళ్లను కాలేజీకి పంపాను. ఈ పట్టుగూళ్ల వెంకటరాయప్ప బీఏ రెండుసార్లు తప్పాడు. వాడు పుస్తకం మూసి నిద్రపోతే నేను తెరిచి చదివేదాన్ని. ఏం లాభం, చెప్పేవాళ్లు లేకుండా సగం అర్థమయ్యేది కాదు.

రిటైరయ్యాక ఒక ఉపాయం తట్టింది. ఇంటింటికీ ఒక కాలేజీ పిల్ల ఖాళీగా కూర్చుని ఉంది. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి, మీరు చదివింది మరిచిపోకుండా ఒకరికొకరు చెప్పుకోండి అంటే, పక్కన కూర్చుని నేను వినొచ్చు. అట్లా మూడేళ్లు మా వసారాలో నేను కాలేజీ చదివాను. బాటనీ, ఫిజిక్స్, చరిత్ర, ఇంగ్లీషు నాటకాలు, అన్నీ. ఇది ఎవరికీ చెప్పలేదు. సమాజ సేవ అనుకున్నారు, అనుకోనిచ్చాను.

ఇంకొక సంగతి. పట్టభద్రులే రావాలన్న నియమం పెట్టింది నేనే. మొదట్లో ఒకామె చీరల మూట పట్టుకుని వచ్చింది, ఇంకొకామె తన కోడలి సంగతి చెప్పడానికి వచ్చింది. గురువారాలు రెండు అట్లనే పోయాయి. నాకు కోపమొచ్చి, డిగ్రీ ఉన్నవాళ్లే రావాలన్నాను. నాకు ఉందా అని ఎవరూ అడగలేదు. హెడ్‌మిస్ట్రెస్ కదా, ఉంటుందిలే అనుకున్నారు.

రిజిస్టర్ చేయించే రోజుల్లో నళిని అందరి సర్టిఫికెట్ల జెరాక్సులు పోగుచేసింది. "టీచరమ్మా, మీదొక్కటే బాకీ" అంది. "నాకు డిగ్రీ యాడుండాది తల్లీ" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆపారు. గౌరవ సలహాదారుగా పెట్టుకుందామని ఎవరో అన్నారు. నళిని కాగితం తిరగేసి, "సలహాదారు కూడా సభ్యురాలై ఉండాలంట. రూలు మీరు పెట్టిందే కదా టీచరమ్మా" అంది. నా విద్యార్థుల్లో ఎవరూ నా మాట అంత గట్టిగా పాటించలేదు.

పోయిన వారం కళ్యాణి వచ్చింది. ఆపిల్ పండ్లు తెచ్చింది. ఈ ఊళ్లో ఆపిల్ పండ్లు జబ్బుపడినవాళ్లకే తెస్తారు, అందుకని వీధిలోవాళ్లంతా నన్ను పలకరించిపోయారు. "టీచరమ్మా, ఐడియా నాదే అని మీరొక మాట చెప్పాల" అంది. నీదేనమ్మా అన్నాను. చాలా సంతోషంగా పోయింది.

భాగీరథమ్మ


యలహంక,
18 జూన్ 2001.

పెద్దమ్మకు,

ఇలా పిలవవచ్చో లేదో అడగడం లేదు. కోపంగా ఉన్నాను కాబట్టి ఇలాగే పిలుస్తాను.

మీరు కళ్యాణి గారికి అట్లా ఎందుకు చెప్పారు? ఆవిడ మీటింగుకొచ్చి, "టీచరమ్మే స్వయంగా చెప్పింది, స్థాపకురాలు నేను" అని ప్రకటించారు. ఆ మరుసటి వారం దాక్షాయణి గారు కారు కట్టించుకుని మీ దగ్గరికి బయల్దేరారని విన్నాను. ఆ వెనకే నళిని గారు. ఇద్దరూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఇప్పుడు ముగ్గురూ "టీచరమ్మే చెప్పింది" అంటున్నారు. బెంగళూరులో ఆపిల్ పండ్ల ధర పెరిగిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

చరిత్ర ఉపసంఘం పరిస్థితి చెప్పనక్కర్లేదు. రాసింది నాలుగుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. చివరికి కార్యవర్గం తీర్మానం ఏమిటంటే, "ఈ మహత్తర సమాజాన్ని స్థాపించినవారు" అని రాసి, తర్వాత చుక్కలు పెట్టాలి. పేరు ఉత్సవం రోజుకు తేలుస్తారు. ఆ రోజు వేదిక మీద చదవాల్సింది నేనే.

చుక్కలు పెట్టనన్నాను. భాగీరథమ్మ అని రాస్తానన్నాను. నళిని గారు నన్నేమీ అనలేదు. ఆ సాయంత్రం మా ఆయన మొహం వేలాడేసుకుని వచ్చారు.

"సార్ పిలిచినాడు," అన్నారు. "మీ మిసెస్‌కు చరిత్ర మీద ఇంట్రెస్ట్ జాస్తి ఉన్నట్టుండాదే అన్నాడు."

"ఉంది, తప్పా?"

"శైలూ, ప్రమోషన్ లిస్టు తయారవుతా ఉంది. ఆ టీచరమ్మ ఎవరో, యాడుందో, మనకేమి? ఆమెకు లేని బాధ నీకెందుకు?"

"ఆమెకు లేదని మీకెవరు చెప్పారు?"

 నిజం చెప్పాలంటే, ఉందని నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే అడుగుతున్నాను. మీకు బాధ లేదా? లేకపోతే చుక్కలు పెట్టేస్తాను. నాకు ఇల్లు గడవాలి.

శైలజ


చింతామణి,
6 జూలై 2001.

చిరంజీవి శైలజకు,

పెద్దమ్మ అనే పిలువు.

ముగ్గురికీ అవునన్నాను. ఎందుకంటే ముగ్గురూ అంత ఆశగా అడిగారు. దాక్షాయణి నా కాళ్ల దగ్గర కూర్చుని, పిల్లలు చదువులకు పోయాక ఇంట్లో తనతో మాట్లాడేవాళ్లు లేరని, ఈ ఒక్క పేరైనా ఉంటే మనవళ్లకు చెప్పుకుంటానని అంది. కాదని ఎట్లా చెప్పేది? నళిని అడగలేదు. తన పేరు తానే చెప్పి, నా తల ఊపు కోసం చూసింది. ఊపాను. అది కొంచెం కొంటెతనం కూడా. ముగ్గురూ ఒకచోట కలిసినప్పుడు ఏమవుతుందో ఊహించుకుంటూ ఈ నెలంతా బాగా నిద్రపోయాను.

బాధ అడిగావు. ఎవరూ అడగలేదు కాబట్టి ఇప్పటిదాకా చెప్పలేదు. వాళ్లు సమాజాన్ని వేరేచోటికి మార్చుకున్నాక కూడా నేను చాలా రోజులు గురువారం మధ్యాహ్నం వసారా ఊడ్చి చాపలు పరిచేదాన్ని. రారని తెలుసు. పేపరు గట్టిగా చదువుకునేదాన్ని. పక్కింటివాళ్లు మా వెంకటరాయప్పకు కబురు చేశారు, మీ అక్కకు మతి చలించినట్టుందని. వాడొచ్చి సామాను సర్దించి ఇక్కడికి తెచ్చాడు. నేను చింతామణికి రావడం అట్లా జరిగింది.

నీ ఇల్లు నాకంటే ముఖ్యం. చుక్కలే పెట్టు. నాకు కోపం రాదు.

భాగీరథమ్మ


యలహంక,
27 ఆగస్టు 2001.

పెద్దమ్మకు నమస్కారం.

ఉత్సవం అయిపోయింది. మొత్తం రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కల్యాణ మంటపం బుక్ చేశారు. ముఖ్య అతిథి ఒక రిటైర్డ్ ప్రిన్సిపాల్ గారు. స్థాపకురాలికి సన్మానం అని తలకు పెట్టే మైసూరు పేటా, శాలువా, గంధపు మాల తెప్పించారు. పేటా ఒక్కటే. నన్ను మైకు దగ్గర నిలబెట్టారు. మునీంద్ర మూడో వరసలో, వాళ్ల సార్ వెనక కూర్చున్నారు.

చదువుకుంటూ పోయాను. "ఈ మహత్తర సమాజాన్ని స్థాపించినవారు" అన్నదాకా వచ్చి ఆగాను. పేరు తేలుస్తామన్నారు గాని, ఎవరూ నాకు ఏ పేరూ అందించలేదు. ముగ్గురూ ఎవరికివారు నేను తమ పేరే చదువుతానని అనుకున్నట్టున్నారు. నేను ఆగగానే ముగ్గురూ ఒకేసారి లేచి వేదిక వైపు నడిచారు. కళ్యాణి గారిది కంచి పట్టు, దాక్షాయణి గారిది ధర్మవరం, నళిని గారిది మైసూరు క్రేప్. జనం చప్పట్లు కొట్టారు, ముగ్గురు స్థాపకురాళ్లు అనుకుని.

ప్రిన్సిపాల్ గారు రెండు చేతుల్లో పేటా పట్టుకుని ఒక్కో తల వైపూ చూశారు.

"వీళ్లలో స్థాపకురాలు ఎవరమ్మా?"

"నేనే సార్, టీచరమ్మే చెప్పింది" అన్నారు ముగ్గురూ. ఆ మాట మాత్రం బాగా రిహార్సల్ చేసినట్టు ఒక్క గొంతుతో వచ్చింది.

"ఎవరీ టీచరమ్మ?" అని ఆయన నా వైపు తిరిగారు.

పెద్దమ్మా, నేను చుక్కలే పెట్టుకుని వచ్చాను. అంతకుముందు రోజు మునీంద్రకు మాటిచ్చాను కూడా. కానీ ఆ మనిషి నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు. నేను మైకులోనే చెప్పేశాను. "భాగీరథమ్మ గారు సార్. రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. చింతామణిలో ఉన్నారు. సమాజం పెట్టింది ఆమె. ఈమెకు ఐడియా, ఈమెకు చెరువు, ఈమెకు రిజిస్ట్రేషన్, అన్నీ ఆమె వసారాలోంచి వచ్చినవే. ఆమెకు డిగ్రీ లేదని బయటికి పంపించారు. పంపించాక కూడా చాలా రోజులు ఆమె చాపలు పరిచి ఎదురుచూశారు."

  మునీంద్ర తలవంచుకుని బూట్ల వైపు చూస్తున్నారు.

ప్రిన్సిపాల్ గారు "అట్లైతే ఆమెను పిలిపించాల్సింది కదా" అని మెల్లగా అన్నారు. కళ్యాణి గారు కొంగుతో మొహం ఒత్తుకున్నారు. దాక్షాయణి గారు అక్కడే కుర్చీలో కూలబడ్డారు. నళిని గారు మాత్రం నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. ఆవిడ ధైర్యం మెచ్చుకోవాలి.

"గౌరవనీయులారా, మన నియమావళి ప్రకారం పట్టభద్రురాలు కానివారు ఈ సమాజంలో ఏ పనీ చేయడానికి వీల్లేదు. స్థాపించడం కూడా ఒక పనే. కాబట్టి ఆమె స్థాపించలేదు. మా ముగ్గురి మధ్య ఏకాభిప్రాయం లేదు కాబట్టి మేమూ స్థాపించలేదు. అసలు మన సమాజాన్ని ఎవరూ స్థాపించలేదు. ఇది స్వయంభువు."

 వెనక నుంచి భోజనాల వాసన వస్తోంది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పేటాను సరస్వతి పటానికి పెట్టారు. ఆవిడ దగ్గర జెరాక్సు ఎవరూ అడగలేదు.

 ఇంటికొచ్చి తాళం తీస్తూ మునీంద్ర అన్నారు, "అయిపాయె. అంతా అయిపాయె."

మీరు చుక్కలు పెట్టమన్నారు. మీ మాట వినలేదు. తప్పయితే తిట్టండి.

శైలజ


కుందలహళ్ళి,
14 నవంబరు 2001.

పెద్దమ్మకు,

చిరునామా మారింది, గమనించండి. మునీంద్రను ఇక్కడి బ్రాంచికి వేశారు. శిక్ష కాదట, అవకాశమట. ప్రమోషన్ లిస్టులో పేరు లేదు. యలహంక నుంచి రోజూ రావడం కుదరక ఇల్లు మార్చాం. కింద ఒక చిన్న హోటలు. పొద్దున లేస్తే ఇల్లంతా సాంబారు వాసన, సాయంత్రమైతే మెడలో ఆఫీసు ట్యాగులు వేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు దోసెల కోసం వరసలో నిలబడి ఉంటారు.

ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పళ్లెం జరిపితే ఇంకొంచెం వడ్డించమని, గ్లాసు బోర్లిస్తే చాలని. ఒకనాడు అన్నం కలుపుతూ ఉన్నట్టుండి, "నీకు అంత గట్టిగా మాట్లాడేది వస్తుందని నాకు తెలీదు" అన్నారు. కోపమో మెప్పో నాకు అర్థం కాలేదు. "నాకూ తెలీదు" అన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వొచ్చినందుకు ఆయనకు మళ్లీ కోపమొచ్చింది.

నాకు ఉద్యోగం దొరికింది. ఆఫీసులకు భోజనాలు సరఫరా చేసే ఒక కంపెనీలో అకౌంట్స్. నేనే వెళ్లి అడిగాను. ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా అంటే చరిత్ర రాశానన్నాను. మొదటి రోజే కూడికలో తప్పు చేసి, ఇంటికొచ్చి ఏడ్చాను. రెండో వారానికి చెయ్యి తిరిగింది. ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు. నిన్న నేను హడావిడిగా ఉంటే నా డబ్బా తనే సర్దారు. మూత బిగించడం మరిచిపోయారు. బస్సులో చారంతా ఒలికిపోయింది.

సంచిక అచ్చయింది. నేను రాసింది వేయలేదు. ఒక్క వాక్యం వేశారు. "కాలగర్భంలో స్వయంభువుగా వెలసిన మన సమాజం" అని. పక్కన క్యారెట్ హంస ఫోటో.

శైలజ


చింతామణి,
20 జనవరి 2002.

చిరంజీవి శైలజకు,

నిన్ను తిట్టలేదు. తిట్టాలని కూర్చుంటే కళ్లు తడిసి కాగితం పాడయింది. అందుకే జవాబు ఆలస్యం. నువ్వు మైకులో చెప్పింది నేను ఇంకెవరి నోటా వినలేదు ఇప్పటిదాకా. ఇక ఆ మాట వదిలేద్దాం.

మొన్న గురువారం నళిని వచ్చింది. ఈసారి కూడా ఆపిల్ పండ్లే. కూడా ఒక నల్ల గౌను, రిబ్బను కట్టిన కాగితం చుట్ట.

స్వయంభువు మాట ఊరంతా పాకిందట. కూరగాయల కొట్టువాడు కూడా "అమ్మా, మీ క్లబ్బుకు అభిషేకం ఎన్ని గంటలకు?" అని అడుగుతున్నాడట. ఇక తట్టుకోలేక కార్యవర్గం కూర్చుని ఒక దారి కనిపెట్టింది. నాకు గౌరవ పట్టా ఇస్తారు. అప్పుడు నేను పట్టభద్రురాలిని. అప్పుడు నేను సమాజాన్ని స్థాపించి ఉండొచ్చు. తేదీ కూడా వెనక్కు వేశారు. చదివి చూశాను, 1991లోనే ఇచ్చేశారు నాకు.

గౌను నాటకాలవాళ్ల దగ్గర బాడుగకు తెచ్చిందంట. వేసుకుని చూశాను. చేతులు మోకాళ్ల దాకా వచ్చాయి. లోపలికొచ్చిన వెంకటరాయప్ప గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమక్కా, లాయరైతివా?" అన్నాడు.

నళిని ఫోటో తీయడానికి కెమెరా తీసింది. ఉండమన్నాను.

"పాఠం వినకుండా పట్టా తీసుకుంటే బాగుండదు తల్లీ. నువ్వు ఒక్క పాఠం చెప్పు, తీసుకుంటాను."

"నేనా? ఏం పాఠం టీచరమ్మా?"

"నువ్వు చదివిందే. ఎకనామిక్స్ కదా."

"అయ్యో, అవన్నీ ఎప్పుడో మరిచిపోతిని."

"మరిచిపోనిది ఎంతుంటే అంత చెప్పు."

ముందు నవ్వింది. తర్వాత వాచీ చూసుకుంది. తర్వాత సరఫరా, గిరాకీ అని ఏదో రెండు మాటలు అప్పగించినట్టు అని ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. ఇంక లేస్తుందనుకున్నాను. ఇంతలో వెంకటరాయప్ప, వాడికి అసూయ పుట్టిందో ఏమో, "అదంతా సరే, మరి నిరుడు పట్టుగూళ్ల ధర ఎందుకు పడిపాయె? అది చెప్పుమ్మా చూద్దాం" అన్నాడు.

నళిని వాడి వైపు తిరిగింది. ఎక్కడి నుంచి దారం దిగుమతి అవుతోంది, మీ దగ్గర నిల్వ ఎంత, పక్క ఊళ్లో ధర ఎంత అని తనే ఎదురు ప్రశ్నలు వేసింది. వాడు జవాబులు చెప్పలేక తడబడ్డాడు. ఆమె కింద కూర్చుని, బలపం తీసుకుని, మా నల్లబండల నేల మీద గీతలు గీసింది. ఇది ఇట్లా పెరిగితే అది అట్లా తగ్గుతుందని, మీరంతా ఒకేసారి అమ్మినారు కాబట్టి మిమ్మల్ని మీరే ముంచుకున్నారని. వాడు ఒప్పుకోలేదు. ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారు. డ్రైవరు రెండుసార్లు లోపలికి తొంగిచూశాడు. రెండుసార్లూ ఆమె ఆగమని చెయ్యి చూపింది. చీరంతా సుద్ద.

చివరికి వెంకటరాయప్ప ఓడిపోయి కాఫీకి చెప్పడానికి వెళ్లాడు. ఆమె గీతల మధ్యే కూర్చుని ఉంది.

"యూనివర్సిటీలో నాకు రెండో ర్యాంకు టీచరమ్మా" అంది.

ఇన్నేళ్లలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకని అడిగాను. పెళ్లిచూపుల్లో చెప్పొద్దన్నారంట వాళ్ల నాయన. పెళ్లికొడుకుది థర్డ్ క్లాసు. బాధపడతాడని. అట్లా దాచిపెట్టి దాచిపెట్టి, దాచిపెట్టానన్న సంగతే మరిచిపోయిందంట. ఇది చెబుతూ ఏడవలేదు. చీర దులుపుకుంది. 

నువ్వు ఆమెను క్షమించాలని ఇది రాయడం లేదు. మీ ఆయన ప్రమోషన్ పోయింది ఆమె వల్లే. అది ఆమెకూ తెలుసు. పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి నీ గురించి అడిగింది. ఉద్యోగం చేస్తోందని చెప్పాను. "మంచిది" అంది. 

పట్టా మాత్రం నేను తీసుకోలేదు. ఒక్క పాఠానికి ఎవరిస్తారు? ద్రవ్యోల్బణం సగంలో ఉంది, వచ్చే గురువారం వచ్చి చెబుతానంది. కారెక్కాక అద్దం దించి, "శైలజకు మాత్రం చెప్పొద్దు టీచరమ్మా" అంది.

చెప్పనని మాటిచ్చాను. అందుకే రాస్తున్నాను. వీలైతే ఆ రోజు సెలవు పెట్టి నువ్వూ రా. ముందుగా కబురు చేయకుండా రా. మీరిద్దరూ గుమ్మంలో ఎదురుపడితే ఎవరు ముందు మాట్లాడతారో చూడాలని ఉంది నాకు.

మీ పెద్దమ్మ,
భాగీరథమ్మ